తోలుబొమ్మల ఆహార్యం : నిమ్మలకుంట వర్ణరచన – ఒక పరిశీలన

భరతుడు చెప్పిన నాలుగు అభినయాలలో ఆహార్యం ఒకటి. నటుడు ఆహార్యాన్ని ధరిస్తాడు, ప్రదర్శన ముగియగానే విడుస్తాడు. తోలుబొమ్మకు ఆ అవకాశం లేదు. దాని చీర, ధోవతి, కిరీటం, నగలు అన్నీ చర్మంలోనే రూపొందుతాయి. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట బొమ్మల ఆధారంగా ఈ వర్ణరచనకూ ప్రదర్శనకూ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

బొమ్మలాటల ప్రస్తావన పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోనే కనిపిస్తుంది. రంగనాథ రామాయణ ద్విపద తోలుబొమ్మలాటకు ప్రధానమైన ఆకరాలలో ఒకటి. నిమ్మలకుంట ఉన్న ప్రాంతానికి దీర్ఘమైన చిత్రకళా నేపథ్యం కూడా ఉంది. 1565 నాటి యుద్ధం తరువాత పెనుకొండ విజయనగర రాజధాని అయింది. అంతకుముందే, అచ్యుతదేవరాయల పాలనలో (1529–1542), హిందూపురం సమీపాన లేపాక్షి వీరభద్రాలయం కుడ్యచిత్రాలతో రూపొందింది. ఆ చిత్రాలలోని అంచుల చీరలు, పొడవాటి కుళ్ళాయిలు ఆనాటి వేషధారణకు సాక్ష్యాలు.

ఈ సామీప్యం వల్ల తోలుబొమ్మల వేషధారణను లేపాక్షి చిత్రాల అనుకరణగా భావించడం సులభం. రేఖలో పోలిక ఉన్నమాట నిజమే. నల్లని హద్దురేఖ, పక్కకు తిరిగిన ముఖం, పెద్ద కన్ను, వస్త్రంపై అల్లికలు రెండింటా ఉన్నాయి. రంగు విషయంలో మాత్రం రెండింటి స్వభావం వేరు. గోడ మీది రంగు తనపై పడిన వెలుగును తిప్పి పంపితే చాలు. బొమ్మ మీది రంగు వెనుకనున్న దీపకాంతిని తనగుండా ప్రసరింపజేయాలి.

అందుకే మేకతోలును వెంట్రుకలు తీసి, గీకి, కాంతి ప్రసరించేంత పలుచగా ఆరబెడతారు. రెండు వైపులా పారదర్శకమైన రంగులు వేస్తారు. పూర్వం మొక్కల నుంచి తీసిన రంగులు వాడేవారు, ఇప్పుడు బజారు రంగులు వచ్చాయి. దట్టమైన పూత వేస్తే తెరపై నల్లని మచ్చే మిగులుతుంది. కాబట్టి ఈ పని చిత్రలేఖనం కంటే అద్దకానికి దగ్గరగా ఉంటుంది. నగలకు రంగుతో పనిలేదు. ఉలితో కొట్టిన రంధ్రాలలోంచి వచ్చే వెలుగే ముత్యాలుగా, రత్నాలుగా మెరుస్తుంది.

దీని ప్రయోజనం అలంకరణకే పరిమితం కాదు. బొమ్మకు ముఖంలో భావం మారదు, సాత్త్వికాభినయానికి చోటు లేదు. కీళ్ల కదలిక పరిమితం. అందువల్ల పాత్రను గుర్తించే భారం వాచికంతో పాటు ఆహార్యంపై పడుతుంది. రాముని నీలవర్ణం తెరపై కనిపించగానే, గాయకుడు పేరు చెప్పకముందే ప్రేక్షకుడు పాత్రను గుర్తిస్తాడు. ద్విపద పాఠం వదిలేసిన వర్ణనను రంగు పూరిస్తుంది.

2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ లభించింది. నేడు అక్కడి పనితనంలో అధికభాగం దీపపు గూళ్లకూ గోడ అలంకరణలకూ మళ్లింది. ఆ మార్పు కుటుంబాలకు జీవనాధారమైంది, దాన్ని తప్పుపట్టలేము. కాని దీపపు గూడు మీది చీరకు కథతో సంబంధం ఉండనక్కరలేదు. అల్లిక నిలుస్తుంది, ఏ పాత్రకు ఏ రంగు, ఎందుకు అన్న జ్ఞానం జారిపోతుంది.

తోలుబొమ్మలాటపై సాహిత్య పరిశోధన ఇంతవరకు ఎక్కువగా పాఠం చుట్టూ తిరిగింది. పాడే ద్విపదతో పాటు ఆ ఘట్టంలోని బొమ్మల రంగులను, అల్లికలను, రంధ్రాల అమరికను కళాకారుల మాటల్లోనే నమోదు చేసినప్పుడే ప్రదర్శన పాఠం సమగ్రమవుతుంది. ప్రదర్శన తెలిసిన పెద్దలు ఉండగానే జరగవలసిన పని ఇది.