సుకుమార రాయ్ మిత్రగోష్ఠులు

సాహిత్యచరిత్రలు గ్రంథములను గూర్చి చెప్పును గాని, గ్రంథములు పుట్టుటకు ముందు నడచిన మాటలను గూర్చి చెప్పవు. మాట గాలిలో కలసిపోవును; అచ్చుపడినది నిలుచును. నిలిచిన దానిని చూచి, కలసిపోయిన దానిని లేనిదానిగా భావించుట చరిత్రకారునకు సహజము. అందునను అది పనిలేని మాట అయినచో, నలుగురు స్నేహితులు సాయంకాలము కూర్చుండి, తినుబండారములు నములుచు, ఒకరినొకరు వేళాకోళము చేసికొన్న మాట అయినచో, దానికి చరిత్రలో చోటేమున్నదని ఎవరైనను అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానముగా చూపదగిన ఉదాహరణము ఒకటి ఇరువదవ శతాబ్ది తొలి పాతికేండ్ల కలకత్తా నగరమున కలదు.

తెలుగులో ఇట్టి మాటకు పేర్లు కొదువ లేదు. పిచ్చాపాటి యందుము, బాతాఖానీ యందుము, లోకాభిరామాయణ మందుము. ఈ పేర్లన్నిటను కొంచెము చిన్నచూపు ధ్వనించుచున్నది. వంగభాషలో దీనికి ‘అడ్డా’ అని పేరు. తెలుగుదేశమునను ఈ పదము వాడుకలో ఉన్నది గాని, ఇక్కడ అది చోటును మాత్రమే చెప్పును; కూలీలు పని కొరకు వేచియుండు కూడలి అడ్డా. వంగదేశమున అది కూర్చుండు చోటునకును, కూర్చుండి ఆడుకొను మాటకును గూడ పేరు. అక్కడివారు అడ్డాలో కూర్చుండుటయే గాక, అడ్డాను ‘ఇత్తురు’ కూడ. ఇచ్చిపుచ్చుకొనుటకు తగిన వస్తువుగా మాటను ఎంచిన జాతికి, పనిలేని మాట యెడల అంత చిన్నచూపు లేదని దీనివలన ఊహింపవచ్చును.

ఈ అడ్డాకు సభారూపము కల్పించిన తొలి ప్రయత్నములలో ఒకటి ఠాకూరు కుటుంబమున జరిగినది. 1897వ సంవత్సరమున రవీంద్రనాథుడును, ఆయన బంధుమిత్రులును జొరాసాంకోలో ‘ఖామ్‌ఖేయాలీ సభ’ను నడపిరి. ఖామ్‌ఖేయాలీ యనగా మనసునకు తోచినట్లు నడచుకొనుట. పాట, నాటకము, చదువు, భోజనము ఆ సభకు కార్యక్రమములు. సభ కొలది కాలమే సాగినను, ‘తోచినట్లు’ అను మాటను పేరులోనే నిలుపుకొన్న ఆ గోష్ఠి, తరువాతి తరమునకు ఒక మార్గము చూపినది.

ఆ తరువాతి తరమునకు నాయకుడు సుకుమార రాయ్. ఆయన 1887 అక్టోబరు 30న కలకత్తాలో జన్మించెను. తండ్రి ఉపేంద్రకిశోర రాయచౌధురి బాలసాహిత్య రచయిత, చిత్రకారుడు, వయొలిన్ వాదకుడు, భారతదేశమున హాఫ్‌టోన్ ముద్రణకు పునాది వేసిన శాస్త్రజ్ఞుడు. అభిరుచులకు అడ్డు చెప్పువారు లేని ఇల్లు అది. ఆ యింటి ముచ్చట్లను సుకుమారుని చెల్లెలు పుణ్యలతా చక్రవర్తి తన బాల్యస్మృతులలో వ్రాసి యుంచినది. ఆ ముచ్చట్లలో ఒకటి ప్రత్యేకముగ తలపదగినది. పిల్లలలో ఎవరికైనను ఎవరిమీదనైనను కోపము వచ్చి, తీర్చుకొను దారి లేనపుడు, సుకుమారుడు ‘రండి, కోపము తయారుచేయుదము’ అను భావముతో ఒక ఆట ఆరంభించెడివాడు. ఆ మనుష్యుని గూర్చి నమ్మశక్యము కాని వింతకథలను ఒకరి తరువాత ఒకరు అల్లవలెను. అందులో ద్వేషము ఉండరాదు, కీడు కోరరాదు. ఆ మనుష్యుడు చిత్రవిచిత్రమైన చిక్కులలో పడవలెను, అంతే. కథ పెరుగుచుండగా నవ్వు పెరుగును. నవ్వు పెరుగుచుండగా కోపము కరగిపోవును. సుకుమారుని సాహిత్యమునకు బీజము ఈ యాటయందు కలదు. వెక్కిరింతకు ఒక లక్ష్యము ఉండును. ఈ నవ్వు లక్ష్యముతో మొదలై, లక్ష్యమును మరచిపోవును.

1906లో ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రములతో పట్టభద్రుడయ్యెను. ఆ కాలముననే బంధువులను, స్నేహితులను కూడగట్టి ‘నాన్సెన్స్ క్లబ్బు’ను స్థాపించెను. క్లబ్బునకు ఒక వ్రాతపత్రిక ఉండెడిది. దాని పేరు ‘సాఢే బత్రిశ్ భాజా’, అనగా ముప్పదిరెండున్నర వేపుళ్లు. కలకత్తా వీథులలో అమ్మువారు ముప్పదిరెండు రకముల వేపుడు పదార్థములను కలిపి, పైన సగము మిరపకాయ పెట్టి ఇచ్చెడివారు. ఆ సగమే పేరులోని అర. ఈ క్లబ్బు కొరకే ఆయన ‘ఝాలాపాలా’, ‘లక్ష్మణేర్ శక్తిశేల్’ అను హాస్యనాటికలను వ్రాసెను. రెండవదానిలో లక్ష్మణమూర్ఛ యను కరుణఘట్టము ఇంటివారి నట్టింటి వేడుకగా మారినది. రాముని దండు కలకత్తా కచ్చేరి గుమాస్తాల వలె మాటలాడును. యమదూతలు సైతము రంగము మీదికి వత్తురు. తెరలు, వేషములు, ఆడంబరములు లేక, మాటల బలము మీదనే నాటిక నడచెడిది. చూచువారు ఇంటిలోని పిల్లలు, పెద్దలు, ఇరుగుపొరుగువారు.

1911లో సుకుమారుడు ముద్రణశాస్త్రమును అభ్యసించుటకై ఇంగ్లండునకు వెళ్లెను. లండనులోను, మాంచెస్టరులోను ఛాయాముద్రణము, శిలాముద్రణము నేర్చి 1913లో తిరిగివచ్చెను. ఆ సంవత్సరముననే ఉపేంద్రకిశోరుడు ‘సందేశ్’ అను బాలపత్రికను ఆరంభించెను. సందేశ్ అనగా వార్త. ఒక మిఠాయి పేరును అదియే. 1915 డిసెంబరులో తండ్రి మరణించిన పిదప పత్రికాభారము, ముద్రణాలయభారము సుకుమారుని మీద పడినవి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియెనిమిది. భారము పెరిగిన ఆ దినములలోనే ఆయన రెండవ గోష్ఠి వెలసి సాగినది.

సోమవారము కూడు గోష్ఠి గావున దాని పేరు ‘మండే క్లబ్బు’. వంగదేశమున ‘మండా’ యను పాలమిఠాయి కలదు. సభ్యులకు మాటయందెంత మక్కువయో తిండియందును అంతే యగుటచే, పేరు త్వరలోనే ‘మండా క్లబ్బు’ అయినది. తెలుగు చెవికి ఆ పేరు మంటను స్ఫురింపజేయును గాని, వంగదేశీయునకు నోరూరించును. సభ్యులను పిలుచుటకు సుకుమారుడు చిన్నచిన్న ఆహ్వానపత్రములను పద్యములలో వ్రాసి అచ్చువేయించెడివాడు. కార్యదర్శి శిశిరకుమార దత్తు కొంతకాలము కనబడకపోగా, ఆయన ఎక్కడ మునిగిపోయెనో యని పరిహసించు పద్యము కూడ ఆ పత్రములలో ఒకటి. సభాకార్యక్రమమును, ఫలాహారమును ఒకే గాంభీర్యముతో ప్రకటించుట వాని శైలి.

ఈ క్లబ్బు సభ్యుల పేర్లను చూచినచో చరిత్రకారుడు ఆశ్చర్యపడును. ఛందస్సుల మాంత్రికుడని పేరొందిన కవి సత్యేంద్రనాథ దత్తు, లక్నోలో న్యాయవాదియైన గీతకర్త అతుల్‌ప్రసాద్ సేన్, విమర్శకుడు అజితకుమార చక్రవర్తి, చరిత్రకారుడు కాళిదాస నాగ్ అందు సభ్యులు. భాషాశాస్త్రజ్ఞుడు సునీతికుమార ఛటర్జీ మరియొకడు. వంగభాష పుట్టుక, పెరుగుదలలను గూర్చిన ఆయన మహాగ్రంథము 1926లో వెలువడినది. 1969 నుండి 1977 వరకు ఆయన సాహిత్య అకాడమీ అధ్యక్షుడుగ ఉండెను. 1931లో భారతీయ గణాంక సంస్థను స్థాపించి, పిదప రెండవ పంచవర్ష ప్రణాళికకు రూపకల్పన చేసిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ వేరొకడు. అయితే మండా క్లబ్బు వీరిని పండితులుగ చేసినదని చెప్పుట అతిశయోక్తి యగును. వారు క్లబ్బు లేకున్నను పండితులే యయ్యెడివారు. చెప్పదగినది ఇంతే: భాషను కొలిచినవాడు, అంకెలను కొలిచినవాడు, ఛందస్సును కొలిచినవాడు వారమునకొకమారు ఒకచోట కూర్చుండి, ఏ కొలతకును లొంగని మాటలాడుకొనిరి. వారి గాంభీర్యమునకు అది భంగము కాలేదు.

గాంభీర్యమునకు, పరిహాసమునకు వైరము లేదని 1921లో మరియొక విధముగ తేలినది. రవీంద్రనాథుని సాధారణ బ్రహ్మసమాజమునకు గౌరవసభ్యునిగ ఎన్నుకొనవలెనని యువకులు కోరగా పెద్దలు కొందరు వ్యతిరేకించిరి. అపుడు రవీంద్రుడే ఏల కావలెనో వివరించుచు మహలనోబిస్ ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఆ పోరాటమున సుకుమారుడు ఆయనకు కుడిభుజము. సోమవారము నవ్విన నోరే సమాజసభలో నిలిచి వాదించినది. సభల, సిద్ధాంతముల డాంబికమును ఎగతాళి చేయు ‘చలచిత్తచంచరి’ వంటి నాటికలు వ్రాసినవాడు సభలను విడిచి పారిపోలేదు.

గోష్ఠులలో పెరిగిన ఈ స్వభావము గ్రంథములుగ పరిణమించిన తీరు గమనింపదగినది. ‘హజబరల’ అను కథలో చేతిరుమాలు పిల్లి యగును. కాకి పలకపట్టుకొని లెక్కలు వ్రాయును. ఏండ్లు నలుబది నిండగనే వయస్సును వెనుకకు త్రిప్పు ముసలివాడు కనబడును. తాను కల్పించుకొన్న వింతలకు తానే పడిపడి నవ్వు హిజిబిజ్‌బిజ్ కనబడును. ‘కోపము తయారుచేయు’ ఆటయే ఇక్కడ కథారూపము దాల్చినది. ‘ఆబోల్ తాబోల్’ పద్యసంపుటి ముందుమాటలో కవి, ఇది ఖేయాల్ రసమునకు చెందిన పుస్తకమనియు, ఆ రసము రుచింపనివారికి ఇది కాదనియు తెలిపెను. ఖేయాల్ అనగా ఊహ, తలపు, చిత్తచాపల్యము. హిందుస్థానీ సంగీతమునందలి ఖయాల్ అను పేరును ఈ పదమే. భరతుడు చెప్పిన హాస్యరసమునకు వికృతమైన ఆకారము, వేషము, మాట విభావములు. ఏది వికృతమో తెలియుటకు ఏది ప్రకృతమో ముందు నిశ్చయముగ తెలిసియుండవలెను. ఖేయాల్ రసమున ఆ నిశ్చయమే కరగిపోవును. కావున దానిని హాస్యములో చేర్చుటకు సుకుమారుడు ఒప్పుకొనలేదు. లక్షణశాస్త్రమునకు ఇది చిన్న సవాలు కాదు. పిల్లల పుస్తకము మొదటి పుటలో ఉండుటచే పండితుల కంట పడుటకు ఆలస్యమైనది.

అనువాదకునకు ఈ రసము పరీక్ష పెట్టును. వంగభాషలో హాఁస్ అనగా బాతు, సజారు అనగా ముళ్లపంది. ఒకదాని చివర ఉన్న ‘స’ కారము రెండవదాని మొదట ఉన్నందున రెండును అతుకుకొని ‘హాఁస్‌జారు’ అయినవి. హాతి, తిమి కలసి ‘హాతిమి’ అయినది. తెలుగులో బాతును, ముళ్లపందిని ఎంత దగ్గరగ నిలిపినను అతుకవు. అర్థమును అనువదించినచో జంతువు చచ్చును. ఇక్కడ అనువాదకుడు అర్థమును విడిచి అతుకును పట్టుకొనవలెను: ఏనుగు, గువ్వ కలిసిన ‘ఏనుగువ్వ’ తెలుగులో బ్రదుకును, కోతి, తిమింగలము కలిసిన ‘కోతిమింగలము’ బ్రదుకును. మూలమునకు దూరమైన కొలది మూలమునకు విధేయత పెరుగుట ఇట్టి రచనలయందే చూడగలము. తెలుగునకు ఈ యాట క్రొత్తయు కాదు. శ్రీశ్రీ తన సిరిసిరిమువ్వ శతకము, ప్రాసక్రీడలు, లిమఋక్కుల తొలి అక్షరములను కూర్చి ‘సిప్రాలి’ యని పేరు పెట్టెను. అక్షరములను విచ్చలవిడిగ పేర్చి ‘హజబరల’ యని పేరు పెట్టినవానికి ఆ పేరు వినినచో పరాయిదిగ తోచియుండదు.

ఈ గోష్ఠులను పొగడునపుడు వాని హద్దులను మరువరాదు. మండా క్లబ్బు చదువుకొన్న పురుషుల గోష్ఠి. సాయంకాలము వారికి తీరిక దొరకుటకు ఇంటిలో తీరిక లేనివారు ఎందరో ఉండిరి. పళ్లెములలో వచ్చిన ఫలాహారము ఎవరో చేసినదే. అయినను, ఆ నవ్వులలో మనకు దక్కిన భాగము ఎక్కువగ స్త్రీ వలననే దక్కినది. పుణ్యలత వ్రాసియుండనిచో కోపముల ఆట మనకు తెలియదు. మాటలాడినవారు అన్నలు; జ్ఞాపకముంచుకొన్నది చెల్లెలు.

తెలుగుదేశమునకు ఇది పాఠము కాకున్నను జ్ఞాపకము. అష్టావధానమున అప్రస్తుతప్రసంగమునకు ఒక పృచ్ఛకుని ప్రత్యేకించి నియమింతురు. అసందర్భపు మాటకు కళయందే ఆసనము వేసిన సంప్రదాయము ఇది. అయినను అవధానము ముగిసిన పిదప పద్యములు అచ్చగును, అప్రస్తుతము అచ్చుకాదు. చాటువులను వెదకి కూర్చిన వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు లేకున్నచో, వానిలో ఎన్ని మిగిలియుండెడివో ఊహింపవచ్చును.

1921లో సుకుమారునకు కాలా అజార్ జ్వరము సోకెను. ఆ మే నెల 2వ తేదీన కుమారుడు సత్యజిత్ జన్మించెను. కాలా అజారునకు మందును అదే కలకత్తాలో, ఆ సంవత్సరములలోనే ఉపేంద్రనాథ బ్రహ్మచారి కనిపెట్టినను, అది సుకుమారుని రక్షింపలేదు. సుమారు రెండున్నరయేండ్లు మంచము పట్టియుండియు ఆయన సందేశ్ పత్రికకు రచనలు, చిత్రములు సమకూర్చెను; ఆబోల్ తాబోల్ పుటలను తానే అమర్చి, ముఖచిత్రము తానే గీచెను. 1923 సెప్టెంబరు 10న, ముప్పదియారు ఇంకను నిండకయే కన్నుమూసెను. పుస్తకము సెప్టెంబరు 19న వెలువడినది. తొమ్మిది దినముల తేడాతో కవి దానిని అచ్చులో చూడలేకపోయెను.

1961లో సత్యజిత్ రాయ్, కవి సుభాష ముఖోపాధ్యాయునితో కలసి సందేశ్ పత్రికను పునరుద్ధరించెను. 1987లో, తండ్రి శతజయంతి సంవత్సరమున, ఆయనను గూర్చి ఒక చిత్రము తీసెను. తండ్రి పోవునాటికి కుమారునకు రెండేండ్లు దాటి కొన్ని నెలలే. తండ్రి మాటను ఆయన జ్ఞాపకమునుండి కాక, పుస్తకములనుండియు, బంధుమిత్రులు చెప్పిన ముచ్చట్లనుండియు, సోమవారపు ఫలాహారమునకు రమ్మని పిలిచిన ఆ చిన్న అచ్చుకాగితములనుండియు వినవలసి వచ్చెను.