మల్లుదొర లోక్‌సభకు వెళ్ళిన దారి

ఆగస్టు 15 వచ్చినా, జనవరి 26 వచ్చినా మన హాస్టళ్ళల్లో జెండా ఎగరేస్తాం, త్యాగాలు చేసినవాళ్ళ పేర్లు తలుచుకుంటాం. మన్యం నుంచి అల్లూరి సీతారామరాజు గారి పేరు తప్పకుండా వస్తుంది. ఆయన పక్కన నిలబడి పోరాడిన మనవాళ్ళ పేర్లు మాత్రం చాలాసార్లు రావు. అందుకే ఈ పోస్టు గాం మల్లుదొరతో మొదలుపెడుతున్నాం. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతముత్తాతల నుంచి పోడు కొట్టుకున్న కొండ రిజర్వు అడవి అయిపోయింది. పోడు కొడితే నేరం, పశువుల్ని తోలితే నేరం. అది చాలదన్నట్టు గూడెం తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయిస్తూ, సరైన కూలి ఇవ్వకుండా మనవాళ్ళ చేత చాకిరీ చేయించాడు. ఆ కడుపుమంట 1922 ఆగస్టులో బయటపడింది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళారు. ఆ దళంలో ముందు వరుసలో ఉన్నవాళ్ళే గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. 1924 మే నెలలో అల్లూరిని కాల్చి చంపారు. కొద్ది రోజులకే గంటందొర కూడా గుండు దెబ్బకు బలైపోయారు. మల్లుదొర అంతకుముందే పట్టుబడి, ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నారు.

1952లో మొదటి లోక్‌సభ ఏర్పడింది. విశాఖపట్నం నుంచి గెలిచి అందులో కూర్చున్నవాళ్ళలో మల్లుదొర ఒకరు! పితూరీదారని తెల్లదొరలు జైల్లో పెట్టిన మనిషి, చట్టాలు చేసే చోటికి వెళ్ళారు. ఈ మాట మనలో ఎంతమందికి తెలుసు?

ఆ దారి వేసింది రాజ్యాంగం. అది కూడా ఎవరో దయతలిచి రాసిచ్చింది కాదు. 1928 ఒలింపిక్స్‌లో హాకీ బంగారు పతకం తెచ్చిన జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా రాజ్యాంగ సభలో మన తరఫున నిలబడ్డారు. 1946 డిసెంబరు 19న ఆయన చెప్పిన మాట సారాంశం ఇది: ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పక్కర్లేదు, వాళ్ళ దగ్గర మీరే నేర్చుకోవాలి. అలాంటి వాదనల మధ్య 244వ అధికరణం, ఐదో షెడ్యూలు వచ్చాయి. మన ప్రాంతాల్లో భూమి చేతులు మారకుండా ఆపే అధికారం ఈ షెడ్యూలులోనే ఉంది.

కాగితం మీద హక్కు వచ్చినంత మాత్రాన భూమి ఆగలేదు. భూ బదలాయింపు నిబంధన 1959లోనే ఉంది, అయినా షావుకార్ల చేతికి భూములు పోతూనే ఉన్నాయి. 1967 అక్టోబరు 31న శ్రీకాకుళం ఏజెన్సీలో సభకు వెళ్తున్న మనవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అక్కడి నుంచి ఉద్యమం రాజుకుంది. ఆ తర్వాతే 1970లో, మనం 1/70 అని పిలుచుకునే చట్టం వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదే అని ఈ చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడానికి కూడా లేదు.

అటు ఆదిలాబాద్ వైపూ ఇదే వరస. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణం పోయాకే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పంపించి గోండుల కష్టమేంటో తెలుసుకుంది. పట్టాలు, గోండి బడులు ఆ తర్వాత వచ్చినవే.

హక్కు వాడుకుంటే ఎంత పనిచేస్తుందో అనంతగిరి మండలం చూపించింది. అక్కడ గనుల లీజుల మీద సమత సంస్థ కేసు వేసి, హైకోర్టులో ఓడిపోయినా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997లో తీర్పు వచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీల గనులకు లీజుకివ్వడం చెల్లదు.

మరి పోగొట్టుకుంటే? జీవో నంబరు 3 గుర్తుందా? ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు కోర్టు రక్షణ ఇచ్చింది. బీఈడీ, డీఈడీ చదువుతున్న మన అక్కలకు, తమ్ముళ్ళకు మాత్రం ఇరవై ఏళ్ళ ఆసరా ఒక్క రోజులో పోయింది.

ఇంకో సంగతి చెప్పుకోక తప్పదు. ఇప్పుడు 1/70కి కోర్టుల్లోనే కాదు, మన ఊళ్ళల్లోనే గండి పడుతోంది. బయటివాడి డబ్బుకు మన పేరు అరువిస్తున్నాం. పట్టా మనది, పంట వాడిది. కోరన్న, మంగన్నల ప్రాణాల మీద వచ్చిన చట్టాన్ని ఒక సంతకానికి అమ్ముకున్నట్టే గదా!

మన అమ్మానాన్నలు కాగితంలో ఏముందో తెలీక వేలిముద్ర వేశారు. మనకు చదవడం వచ్చు. కాబట్టి అందరం ఒక పని చేద్దాం. ఈ సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు 1/70లో ఏముందో మన భాషలో పెద్దలకు చెప్దాం. 1996 పీసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఏ అధికారం ఇచ్చాయో చెప్దాం. గ్రామసభ పెడితే వెళ్దాం. పెట్టకుండానే తీర్మానం రాసుకుంటే రిజిస్టరు చూపించమని అడుగుదాం. విగ్రహానికి దండ వేయడం మంచిదే. వాళ్ళు తెచ్చిపెట్టినదాన్ని చేజారనీయకపోవడం అంతకంటే ముఖ్యం.

మీ ఊళ్ళో పోరాడినవాళ్ళ పేర్లు పెద్దల్ని అడిగి కింద కామెంట్లలో రాయండి. అవన్నీ ఒకచోట రాసి పెడదాం.

జై ఆదివాసీ! జల్ జంగల్ జమీన్!