డ్యూటీ దిగినాక తుపాకీ ఎవరిది?

మొన్న మాచర్ల బస్టాండు కాడ టీ తాగుతుంటే ఒక తమ్ముడు కలిశాడు. జైలు వార్డర్ ఉద్యోగానికి చదువుతన్నాడు. "అన్నా, ఆ ఉద్యోగం వస్తే తుపాకీ ఇంటికి తెచ్చుకోవచ్చంటగా? ఇంక ఊళ్లో మన జోలికి ఎవడొస్తాడు?" అన్నాడు. ఆ రెండో మాటకే నాకు గుబులేసింది. చేతిలో ఆయుధముంటే ఎవడూ జోలికి రాడనే లెక్కతో మన పల్నాడు ఎన్ని ఇళ్లు పోగొట్టుకుందో పెద్దోళ్లని అడగండి.

అసలు చట్టం ఏం చెప్తందో చూద్దాం.

మన దేశంలో తుపాకుల సంగతి తేల్చేది 1959 ఆయుధాల చట్టం. 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ తుపాకీ పెట్టుకోగూడదు. 45వ సెక్షన్ ప్రభుత్వ ఉద్యోగికి మినహాయింపు ఇచ్చింది గానీ, అది "విధి నిర్వహణలో" ఉన్నంతవరకే. కీలకమంతా ఆ మాటలోనే ఉంది. నరసరావుపేట సబ్‌జైలు కాడ కాపలాకి తుపాకీ ఇచ్చారంటే అది ఆ కాపలా కోసం. డ్యూటీ దిగి కోటప్పకొండ తిరనాళ్లకి పోతే వార్డరూ మనలాంటోడే.

మరి జైలోళ్లకి ప్రాణభయం ఉండదా? ఉంటది. లోపల చూసిన మొహమే రేపు సంతలో ఎదురుపడొచ్చు. అట్టాంటప్పుడు సొంత తుపాకీకి అందరి మాదిరే లైసెన్సు పెట్టుకోవాలి. 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి. ఇవ్వకపోతే కారణం రాతలో పెట్టాలి, దానిమీద అప్పీలుకి పోవచ్చు. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులకి మించి ఉండగూడదు. లైసెన్సు గడువు 5 ఏళ్లు. లైసెన్సు లేకుండా దొరికితే మామూలు తుపాకీకే 2 నుంచి 5 ఏళ్ల జైలు, పైన జరిమానా. లైసెన్సున్నా సరే, పెళ్లి ఊరేగింపులో జనం ప్రాణాల మీదికొచ్చేటట్టు కాలిస్తే 2 ఏళ్లదాకా జైలు, లేదంటే లక్షదాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలప్పుడు కమిటీ చెప్తే స్టేషన్లో జమ చెయ్యాల్సిందే.

అమెరికాలో వేరే పద్ధతి. 2004లో వచ్చిన చట్టంతో, అర్హత ఉన్న జైలు అధికారులు డ్యూటీ లేనప్పుడు కూడా తుపాకీ దాచిపెట్టుకుని తిరగొచ్చు. అయితే అరెస్టు చేసే అధికారం ఉండాలి, కాల్చడంలో శాఖ పెట్టిన పరీక్ష నెగ్గాలి, గుర్తింపు కార్డు ఉండాలి, మందు తాగి ఉండగూడదు. అక్కడ కూడా ఊరికే ఇయ్యలా.

మనకి ఆ పద్ధతి వద్దనే నా మాట. బెదిరింపులున్న వార్డర్‌కి కావాల్సింది క్వార్టర్సు, అడిగితే బదిలీ, ఫిర్యాదు చేస్తే ఆ రోజే కదిలే పోలీసు. ఇయ్యి ఇవ్వకుండా "నీ తిప్పలు నువ్వు పడు" అంటే ఆయన తుపాకీ గురించే ఆలోచిస్తాడు.

తమ్ముడికి ఒకటే చెప్పా: ఉద్యోగం తెచ్చుకో, మీ అమ్మ సంతోషపడుద్ది. తుపాకీ మాత్రం గేటు కాడే వదిలేసి ఇంటికిరా.