జీర్ణాశయ క్యాన్సర్ శస్త్రచికిత్స – రక్తంలో చక్కెర నియంత్రణ

జీర్ణాశయ క్యాన్సర్‌కు ప్రధాన చికిత్స గ్యాస్ట్రెక్టమీ. అంటే కణితితో పాటు జీర్ణాశయంలో కొంత భాగాన్ని గానీ, మొత్తాన్ని గానీ తీసేయడం. 1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రాత్ దీన్ని తొలిసారి విజయవంతంగా చేశారు. ఈ శస్త్రచికిత్స తర్వాత రోగి ఎంతకాలం బతుకుతారన్నది ముందుగా క్యాన్సర్ దశ మీద ఆధారపడుతుంది. ఆపరేషన్ నుంచి సాఫీగా కోలుకోవడంలో మాత్రం రక్తంలోని చక్కెరకు పెద్ద పాత్రే ఉంది.

కోత పడగానే శరీరంలో కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ పెరుగుతాయి. కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది, ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. అందుకే ఎన్నడూ షుగర్ లేనివారికి కూడా ఆపరేషన్ మర్నాడు గ్లూకోమీటరులో డెసిలీటరుకు 200 మి.గ్రా. కనిపించవచ్చు. అది అలాగే కొనసాగితే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను సరిగా ఎదుర్కోలేవు. కుట్ల దగ్గర చీము పట్టవచ్చు, గాయం మానడం ఆలస్యం కావచ్చు.

మరి ఎంతకు తగ్గించాలి? 2001లో బెల్జియంలోని లూవెన్‌లో గ్రీట్ వాన్ డెన్ బెర్గ్ బృందం ఐసీయూ రోగుల చక్కెరను డెసిలీటరుకు 80–110 మి.గ్రా. మధ్య ఉంచితే మరణాలు తగ్గాయని చూపింది. ఆరు వేల మందికి పైగా ఐసీయూ రోగులతో జరిగిన నైస్-షుగర్ పరీక్ష ఫలితాలు 2009లో ఇందుకు విరుద్ధంగా వచ్చాయి: కఠిన నియంత్రణలో 27.5 శాతం, 180 లోపు ఉంచినవారిలో 24.9 శాతం మరణించారు. తీవ్రంగా చక్కెర పడిపోయిన సందర్భాలూ మొదటి వర్గంలోనే ఎక్కువ. ఇప్పుడు ఆపరేషన్ సమయంలో 100–180 మధ్య ఉంచాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచిస్తోంది. ఇదే సబబైన మార్గం.

ఇంటికి వెళ్లాక సమస్య తిరగబడవచ్చు. జీర్ణాశయం లేనప్పుడు తిన్నది నేరుగా చిన్నపేగులోకి జారుతుంది. గ్లూకోజు ఒక్కసారిగా పెరిగి, దానికి స్పందనగా ఇన్సులిన్ అవసరానికి మించి ఊరుతుంది. బెల్లం వేసిన రాగిజావ తాగిన రెండు గంటలకు చెమటలు, చేతుల వణుకు, కళ్లు బైర్లు కమ్మడం మొదలవుతాయి. దీన్ని లేట్ డంపింగ్ అంటారు. ఇంట్లోవాళ్లు ఆపరేషన్ నీరసమని సరిపెట్టుకోకుండా వెంటనే వేలి నుంచి రక్తం తీసి చూడాలి. 70 లోపు ఉంటే చక్కెర నీళ్లు పట్టాలి. తీపి తగ్గించి, గుడ్డు, పప్పు వంటి మాంసకృత్తులతో కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తింటే చాలామందికి ఇది అదుపులోకి వస్తుంది.

షుగర్ ఉన్నవారిలో కొందరికి ఆపరేషన్ తర్వాత ఆ వ్యాధి తగ్గుముఖం పడుతుంది. పాత మోతాదులోనే మాత్రలు, ఇన్సులిన్ కొనసాగించడం వారికి ప్రమాదకరం. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా వీరిలో తప్పుదోవ పట్టించవచ్చు. జీర్ణాశయం తీసేశాక ఐరన్, బీ12 లోపాలతో రక్తహీనత సాధారణం. అప్పుడు ఆ అంకె అసలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది.