ప్రత్యక్ష వీడియో ప్రసారానికి బ్యాండ్‌విడ్త్ అంచనా

అంతర్జాలంలో ఒక కార్యక్రమాన్ని జరుగుతుండగానే చూపించడానికి ఎంత నెట్‌వర్క్ సామర్థ్యం కావాలో ముందుగా లెక్కించడాన్ని ప్రత్యక్ష వీడియో ప్రసారానికి బ్యాండ్‌విడ్త్ అంచనా అంటారు. ముందే నిల్వ ఉంచిన వీడియోను సర్వర్‌లోకి ఎక్కించడం కొంత ఆలస్యమైనా నష్టం లేదు. ప్రత్యక్ష ప్రసారానికి ఆ వెసులుబాటు ఉండదు. విదేశాలలోని బంధువులు పెళ్ళి చూస్తుండగా సరిగ్గా జీలకర్ర-బెల్లం వేళకు దృశ్యం నిలిచిపోతే, ఆ తరువాత ఎంత వేగం లభించినా ప్రయోజనం లేదు.

బిట్ రేటు

వీడియో ఒక సెకనుకు వినియోగించే బిట్ల సంఖ్యను బిట్ రేటు అంటారు. హెచ్.264 పద్ధతిలో కుదించిన 720 గీతల వీడియోకు సాధారణంగా సెకనుకు 2.5 నుండి 4 మెగాబిట్లు అవసరమవుతాయి. 2013లో వెలువడిన హెచ్.265 ప్రమాణంతో దాదాపు అదే నాణ్యతను సుమారు సగం బిట్లతో సాధించవచ్చు. కదలిక ఎక్కువగా ఉండే ఆటలకు, ఉపన్యాసం కంటే ఎక్కువ బిట్లు కావాలి.

నెట్‌వర్క్ వేగాన్ని బిట్లలోను, ఫైలు పరిమాణాన్ని బైట్లలోను చెప్పడం వాడుక. ఒక బైటుకు 8 బిట్లు కనుక ఈ రెంటినీ కలగలిపితే అంచనా ఎనిమిది రెట్లు తప్పుతుంది. 2.5 మెగాబిట్ల ప్రసారం గంటసేపు సాగితే 1,125 మెగాబైట్లు ఖర్చవుతాయి.

ప్రసార స్థలం నుండి అప్‌లోడ్

చాలామంది మరచిపోయే భాగం ఇదే. ఇంటర్నెట్ కనెక్షన్‌కు ప్రకటించే వేగం తరచుగా డౌన్‌లోడ్ వేగమే. ఎ.డి.ఎస్.ఎల్. వంటి కనెక్షన్లలో అప్‌లోడ్ వేగం అందులో చిన్న భాగం మాత్రమే. అందువలన ప్రసారం జరిగే చోటనే, అదే వేళకు అప్‌లోడ్ వేగాన్ని కొలిచి చూడాలి. బిట్ రేటు ఎంతో, దానికి ఒకటిన్నర నుండి రెండు రెట్ల వేగం నిలకడగా లభించడం మంచిది.

4జి ద్వారా పంపేటప్పుడు మరొక చిక్కు ఉంది. ఒక టవరు పరిధిలోని ఫోన్లన్నీ దాని సామర్థ్యాన్ని పంచుకుంటాయి. ఖాళీ కల్యాణ మండపంలో ముందురోజు కొలిచిన వేగం, వెయ్యిమంది అతిథులు ఫోన్లతో వచ్చాక మిగలదు. వీలైతే ప్రసారానికి ప్రత్యేకంగా ఒక కేబుల్ కనెక్షన్‌ను కేటాయించి, 4జి కనెక్షన్‌ను అత్యవసరానికి ఉంచుకోవాలి.

వీక్షకులవైపు లెక్క

సర్వర్లు పంపవలసిన మొత్తం, ఒకే సమయంలో చూసేవారి గరిష్ఠ సంఖ్యను సగటు బిట్ రేటుతో గుణిస్తే వస్తుంది. రోజంతటిలో చూసినవారి మొత్తం సంఖ్య ఇక్కడ పనికిరాదు. 200 మందికి 2.5 మెగాబిట్ల చొప్పున నేరుగా పంపాలంటే సెకనుకు 500 మెగాబిట్లు కావాలి. కనుక ప్రసార స్థలం నుండి ఒకే ప్రతిని పంపి, పంపిణీని కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్‌కు వదిలివేస్తారు. ఇది వీక్షకులకు దగ్గరలోని సర్వర్లలో ప్రతులను ఉంచి అందిస్తుంది.

దారి చీలిన చోట మాత్రమే రౌటర్లు ప్రతులు తీసే మల్టీకాస్ట్ పద్ధతి ఇంతకంటే పొదుపైనది. 1994 నవంబరులో రోలింగ్ స్టోన్స్ బృందం డల్లాస్‌లో ఇచ్చిన కచేరీలో కొంత భాగం ఎమ్‌బోన్ అనే మల్టీకాస్ట్ నెట్‌వర్క్‌పై ప్రసారమైంది. అయితే సాధారణ అంతర్జాలంలో ఈ పద్ధతి విస్తరించలేదు.

భారీ ప్రసారాలు

2019 ప్రపంచ కప్పులో భారత్-న్యూజీలాండ్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.53 కోట్ల మంది చూశారు. 2023 నవంబరు 19న అహమ్మదాబాదులో జరిగిన ఫైనల్‌కు ఈ సంఖ్య 5.9 కోట్లకు చేరింది. సగటున 1.5 మెగాబిట్లు అనుకున్నా ఇది సెకనుకు 88.5 టెరాబిట్లు. పైగా ఆట రసవత్తరమైన కొద్ది నిమిషాలలోనే లక్షల మంది వచ్చి చేరుతారు కాబట్టి, సామర్థ్యాన్ని ముందే సిద్ధం చేసి ఉంచాలి.

ఇంత చేసినా వీక్షకుని ఇంటివరకు వచ్చే దారి ఇరుకైతే ఫలితం ఉండదు. అందుకే ఒకే వీడియోను అనేక బిట్ రేట్లలో తయారుచేసి, కొద్ది సెకన్ల ముక్కలుగా పంపుతారు. వేగం తగ్గినపుడు ప్లేయరు తనంతట తానే తక్కువ నాణ్యత గల ముక్కను ఎంచుకుంటుంది. ఆపిల్ సంస్థ 2009లో ప్రవేశపెట్టిన హెచ్.ఎల్.ఎస్. ఇటువంటిదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన వాడకం పెరిగినపుడు, భారతదేశంలోని ప్రధాన వీడియో సంస్థలు మొబైల్ నెట్‌వర్క్‌లపై వీడియోను కొంతకాలం 480 గీతలకు పరిమితం చేశాయి.