బుద్ధావతారం: దైవవాక్కు శ్రుతిని నిరాకరించిన వేళ

తాను ఆరాధించే దైవమే ఎదుట నిలిచి, శాస్త్రం విధించిన కర్మ ధర్మం కాదని పలికితే ఆస్తికుడు దేనిని విడిచిపెడతాడు? దైవాన్నా, శాస్త్రాన్నా? ఇది కేవలం ఊహాజనితమైన ప్రశ్న కాదు. బుద్ధుణ్ణి విష్ణువు అవతారంగా స్వీకరించిన నాడు వైదిక సంప్రదాయం దీనిని నిజంగానే ఎదుర్కొన్నది.

మీమాంసకుల సమాధానం నిష్కర్షగా ఉంటుంది. వేదం అపౌరుషేయం, కర్త లేనందువల్లనే అది నిర్దోషం. కనుక ధర్మ విషయంలో ఏ వ్యక్తి వాక్కుకూ స్వతంత్ర ప్రామాణ్యం లేదు. 7వ శతాబ్దికి చెందిన కుమారిల భట్టు శ్లోకవార్తికంలో ఈ తర్కాన్ని చివరిదాకా నడిపించాడు. లోకాన్ని తానే సృజించానని సృష్టికర్త స్వయంగా చెప్పినా ఆ మాటతో నిశ్చయం కలగదు. తన ఐశ్వర్యాన్ని చాటుకోవడానికి, సృజించకపోయినా అలా చెప్పవచ్చునని ఆయన వాదం. బౌద్ధం బోధించిన అహింస మంచిదే అయినా, అక్కడి నుండి గ్రహిస్తే అది శునకచర్మపు తిత్తిలో పోసిన పాలవంటిదని తంత్రవార్తికంలో నిర్ణయించాడు.

పురాణాలు వేరొక మార్గాన్ని అనుసరించాయి. విష్ణుపురాణంలో విష్ణువు తన దేహం నుండి మాయామోహుణ్ణి సృజిస్తాడు. అతడు యజ్ఞంలోని పశుహింస ధర్మం కాదని బోధిస్తాడు. ఆ మాట నమ్మి వేదమార్గాన్ని వీడిన అసురులు దేవతల చేతిలో ఓడిపోతారు. భాగవతం బుద్ధుణ్ణే అవతారాలలో చేర్చి, దేవతల శత్రువులను మోహింపజేయడమే ఆయన ప్రయోజనమని చెప్పింది. ఈ విధంగా అవతారం పూజ్యమైనది, ఉపదేశం త్యాజ్యమైనది.

ఈ సమన్వయానికి చెల్లించిన మూల్యం స్వల్పం కాదు. శ్రుతిని నిలబెట్టడం కోసం సత్యస్వరూపుడైన భగవంతుణ్ణి వంచకునిగా అంగీకరించవలసి వచ్చింది. ఈశ్వరుని వాక్కును ఒకసారి మాయ అన్నాక, మరొక వాక్కు మాయ కాదని చెప్పడానికి ఆధారమేమిటి? కుమారిలుని శంకనే పురాణం తనకు తెలియకుండా కథగా మలచింది.

12వ శతాబ్దిలో జయదేవుని గీతగోవిందం మోహన ప్రస్తావన లేకుండానే ఆ అవతారాన్ని స్తుతించింది. పశువధను చూసి కరిగిన హృదయంతో బుద్ధుడు యజ్ఞవిధిని నిందించాడని కీర్తించింది. అసురవంచనగా చెప్పబడిన ఉపదేశమే అక్కడ కరుణ అయింది. అటుపిమ్మట మధ్వ సంప్రదాయం వేదప్రామాణ్యాన్ని లేశమైనా వదలకుండా, యజ్ఞంలో సజీవ పశువుకు బదులు పిష్టపశువును విధించింది.

ఈ చరిత్రలో ఆస్తికుడు దైవవాక్కును సూటిగా తిరస్కరించలేదు, సూటిగా స్వీకరించనూ లేదు. ఏది దైవవాక్కో నిర్ణయించే కొలమానం అతని పూర్వవిశ్వాసమే అయింది. ఆ కొలమానాన్ని కదిలించగలిగినది అవతార మహిమ కాదు, తర్కమూ కాదు. యూపస్తంభం వద్ద కట్టిన పశువు పట్ల కలిగిన దయ.