కరపత్రమునకు సొమ్మిచ్చువాఁ డెవఁడు?



నా పూర్వశిష్యుఁ డొకఁడు ఎన్నికల కరపత్రములను దన సొమ్ముతో వేయింతునని చెప్పఁగా, అభ్యర్థి వ్రాసియిచ్చిన యనుమతి యేదని యడిగితిని. అది లేక ప్రకటనకు వ్యయించుట నేరమని 1920లోనే శిక్షాస్మృతిలోఁ జేర్చిరి. జుల్మానా 500 రూపాయలదాఁక. వ్యయము 10 రూపాయలకు మించనిచోఁ బది దినములలోపల ననుమతి పొందవచ్చును. యాజ్ఞవల్క్యుఁడును బ్రమాణములలో లిఖితమునే ముందెన్నెను గదా! 2024 జూలైలో నమలునకు వచ్చిన న్యాయసంహిత జుల్మానాను 10,000 చేసెను గాని యా 10 రూపాయలను ముట్టలేదు. నేఁ డా పైకముతో గోడపత్రమునకు రాచు మైదజిగురైన వచ్చునా?

ఇంత కట్టడి యేల? 2022 ఆత్మకూరు ఉపయెన్నికనాఁటికి అభ్యర్థి వ్యయపరిమితి 40 లక్షలు. ఇతరులు పెట్టినది లెక్కకు రానిచో నా హద్దు జల్లెడలోని నీరే. అభ్యర్థి యెఱిఁగి వలదనకున్నచోఁ బార్టీ వ్యయమును నాతనిదే యని 1974లో, కన్వర్‌లాల్ గుప్తా వ్యాజ్యమున, సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ యేఁడే చట్టమును సవరించి తీర్పును వమ్ముచేసిరి. ఇది నాకు మింగుడుపడని సంగతి. 1978, 1983లలో ఉదయగిరి యెన్నికలును ఆ సడలింపు కాలమునఁ జరిగినవే. 2003లోఁ గాని యా సందును జాలవఱకుఁ బూడ్పలేదు. పార్టీనాయకుల ప్రయాణవ్యయము మాత్రము నేఁటికిని లెక్కకు వెలుపలనే యున్నది.

కరపత్రము చేతికి వచ్చినప్పుడు అడుగుపంక్తిని జూడుఁడు. ముద్రించినవాని, ప్రకటించినవాని పేరులును జిరునామాలును అందుండవలెనని 1961 నుండియు శాసనము.